గడ్డను పీల్చే క్యాథెటర్ నమూనా: బలమైన పంపు పెట్టాలా, మూతిలో మర పెట్టాలా?

ప్రశ్న – విశాఖ_ఎంటెక్

నమస్కారం. మాది విశాఖపట్నం. ఎంటెక్ మెకానికల్ చివరి ఏడాది ప్రాజెక్టుగా, మెదడు ధమనిలో అడ్డుపడిన రక్తపు గడ్డను పీల్చి బయటకు తీసే క్యాథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) నమూనా తయారు చేస్తున్నాం. జట్టులో ముగ్గురం. మా గైడ్‌గారు ద్రవ ప్రవాహాల మీద పనిచేసినవారు, క్యాథెటర్లు ఆయనకూ కొత్తే.

ఇప్పటిదాకా చేసింది చెబుతాను. లోపలి వ్యాసం 1.5 మి.మీ. ఉన్న పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) గొట్టం కొన్నాం. మెడ దాటి మెదడులోకి వెళ్లే దారిలో ఉండే మెలికలకు బదులుగా ఒక సిలికాన్ గొట్టాన్ని చెక్క పలక మీద వంపులు తిప్పి బిగించాం. గడ్డకు బదులు అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) ముక్క. వెనక 50 మి.లీ. సిరంజి. సిలికాన్ గొట్టం నిటారుగా ఉన్నంతసేపు అగర్ ముక్క చక్కగా లోపలికి వచ్చేస్తోంది. వంపులు పెట్టాక మాత్రం మా గొట్టం రెండో వంపు దగ్గర నలిగి చదునైపోతోంది. ఎలాగో దాటించినా అగర్ ముక్క మూతి దగ్గర ఆగిపోతుంది. వెనక్కి లాగితే సగం తెగి అక్కడే ఉండిపోతుంది.

మాకు తోచినవి రెండు. సిరంజి తీసేసి బలమైన వ్యాక్యూమ్ పంపు పెట్టడం ఒకటి. మూతి లోపల సన్నని మరను తిప్పుతూ, గడ్డను తురుముతూ పీల్చడం రెండోది. రెండోదానికి పేటెంటు కూడా వస్తుందని మాలో ఒకడి ఆశ. ఈ పని తెలిసినవాళ్లు ఏ దారి మంచిదో చెప్పగలరా?

జవాబు – గొట్టాల_మేస్త్రి

అమెరికాలో ఆరెంజ్ కౌంటీ వైపు చాలా ఏళ్లు క్యాథెటర్లు తయారు చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. మీ ప్రశ్న చదివితే ముచ్చటేసింది. మీ రెండు ఆలోచనలూ మాత్రం పక్కన పెట్టమనే చెబుతాను. కోపం తెచ్చుకోకండి.

పంపు సంగతి ముందు తేల్చేద్దాం. ఎంత ఖరీదైన పంపు తెచ్చినా వాతావరణ పీడనానికి మించి లాగలేదు. అది 760 మి.మీ. పాదరసం. మంచి పంపు 730 దాకా వెళుతుంది. గాలి చొరబడని 60 మి.లీ. సిరంజి పిస్టన్‌ను చివరిదాకా లాగి బిగించి పెట్టినా దాదాపు అక్కడికే చేరుతుంది. కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోండి. ఆ పీడనాన్ని మూతి వైశాల్యంతో హెచ్చవేస్తే గడ్డను పట్టి ఉంచే బలం వస్తుంది. మీ 1.5 మి.మీ. మూతికి అది సుమారు 18 గ్రాముల బరువుకు సమానం. 1.8 మి.మీ. మూతికి 25 గ్రాములు, 2.2కు 38 గ్రాములు. ఈ పరిశ్రమ అంతా గొట్టాన్ని లావు చేయడం వెనక ఎందుకు పడిందో ఈ మూడు అంకెలు చూస్తే తెలుస్తుంది. ఇక ప్రవాహమైతే వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 1.5 నుంచి 1.8కి వెళితేనే రెట్టింపవుతుంది.

మరి లావు చేసేస్తే సరిపోదా? సరిపోదు. గడ్డ ఎక్కువగా చిక్కుకునే మధ్య మస్తిష్క ధమని మొదటి భాగమే 2.5 నుంచి 3 మి.మీ. వ్యాసం ఉంటుంది. లోపల 1.8 ఉన్న క్యాథెటర్ బయటి వ్యాసం 2.1 దాకా వస్తుంది. అంటే గోడ మందం 0.15 మి.మీ. ఆ కాస్త గోడతోనే వంపుల్లో గొట్టం నలగకూడదు. పీల్చేటప్పుడు ముడుచుకుపోకూడదు. క్యాథెటర్‌ను తొడ ధమనిలోంచి పంపుతారు, అక్కడ తోస్తే మీటరుకు పైగా దూరంలో ఉన్న కొస కదలాలి. అలాగని కొస గట్టిగా ఉంటే ధమనిని గీరేస్తుంది. ఈ కోరికలు ఒకదానితో ఒకటి సరిగా పడవు. మీ పీటీఎఫ్‌ఈ గొట్టం రెండో వంపులో నలగడం వింతేమీ కాదు, దానికి ఎముకలే లేవు.

ఆ గోడ ఎలా కడతారో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రాజెక్టు అసలు ఇదే. ముందు పొడవాటి నిటారు తీగ ఒకటి, వెండి పూత పూసిన రాగిది. దాన్ని మాండ్రెల్ అంటారు. దాని మీద జిగురు పట్టేలా పైభాగాన్ని రసాయనంతో గరుకు చేసిన పలుచని పీటీఎఫ్‌ఈ పొర. ఆ పొర మీద నిటినాల్ (నికెల్, టైటానియం కలిసిన లోహం) లేదా స్టీలు తీగను స్ప్రింగులా చుడతారు. మొదటి భాగంలో తోపుడు బలం కోసం అల్లిక కూడా వేస్తారు. స్టీలు తీగ ఒకసారి వంగితే వంగినట్టే ఉంటుంది, నిటినాల్ అయితే తిరిగి లేస్తుంది. కొసన ప్లాటినం-ఇరీడియం ఉంగరం, ఎక్స్‌రేలో కనబడడానికి. దానిపైన పీబ్యాక్స్ అనే ప్లాస్టిక్ ముక్కలను వరసగా తొడుగుతారు. చేతి వైపు గట్టిది, గట్టిదనాన్ని కొలిచే డ్యూరోమీటరు లెక్కలో 72. కొసకు వెళ్లేకొద్దీ 55, 40, 35, చివరన ఇంకా మెత్తనిది. అన్నిటి పైన వేడికి ముడుచుకునే ఎఫ్‌ఈపీ గొట్టం తొడిగి, వేడిగాలి ముక్కు కిందుగా నెమ్మదిగా నడిపిస్తారు. పీబ్యాక్స్ కరిగి తీగ చుట్ల మధ్యలోకి దిగేటప్పుడు, పాలలా తెల్లగా ఉన్న పొర ఒక్కసారిగా తేటబడుతుంది. ఆ తేట గీత గొట్టం వెంట ఎంత సమానంగా జరిగితే పని అంత బాగా వచ్చినట్టు. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి బుడగ ఉన్నట్టే, రేపు అక్కడే పొర విడిపోతుంది. చల్లారాక ఎఫ్‌ఈపీని నిలువునా చీల్చి తీసేస్తారు. మాండ్రెల్‌ను రెండు కొసలా పట్టి లాగితే రాగి సాగి సన్నబడి జారిపోతుంది.

ఇందులో కొత్తవాళ్లకు దొరకని కిటుకు ముక్కల అతుకుల దగ్గర ఉంటుంది. 55 పక్కనే 35 పెడితే ఆ అతుకు దగ్గరే నలుగుతుంది. తీగ చుట్టిన గొట్టం మొత్తం ఒకేలా మెత్తగా ఉన్నా, ఒకేలా గట్టిగా ఉన్నా అంత తేలిగ్గా నలగదు. గట్టిదనం ఒక్కసారిగా మారిన చోట నలుగుతుంది. అందుకే ప్లాస్టిక్ ముక్కల అతుకులు ఒకచోట, తీగ చుట్ల ఎడం మారే చోటు ఇంకొకచోట వచ్చేలా జరుపుతారు.

ఇక మీ మర సంగతి. మర ఆకారంతో గడ్డను తీయాలన్న ఆలోచన చాలా పాతది. 2004లో అమెరికాలో స్ట్రోక్ గడ్డలు తీయడానికి మొదట అనుమతి పొందిన మెర్సీ పరికరం నిటినాల్‌తో చేసిన మర చుట్టే. తిరుగుతూ తురిమేది కాదు, గడ్డలో గుచ్చి లాగేది. 2012లో సాలిటైర్ అనే స్టెంట్ రిట్రీవర్‌తో (గడ్డలో విచ్చుకుని దాన్ని పట్టి లాగే తీగవల గొట్టం) పోటీ పెట్టి చూస్తే మెర్సీ వెనకబడిపోయింది. తమాషా ఏమిటంటే సాలిటైర్‌ను మొదట గడ్డల కోసం చేయలేదు. మెదడు ధమని ఉబ్బుకు చేసే చికిత్సలో తోడుగా పెట్టే స్టెంటు అది. వదిలేయకుండా వెనక్కి లాగితే గడ్డ దానితోపాటు వస్తుందని ఐరోపా వైద్యులు గమనించారు. తిరిగే మరతో ఇంకో చిక్కు ఉంది. గడ్డలోని ఫైబ్రిన్ పోగులు దారంలా మరకు చుట్టుకుపోతాయి. పైగా మర పెట్టిన మేర మీ మూతి వైశాల్యం తగ్గిపోతుంది. 18 గ్రాముల్లో ఎంత పోగొట్టుకుంటారో లెక్క వేసుకోండి.

మీరు విఫలమైందనుకున్నది, అంటే గడ్డ మూతి దగ్గర ఆగిపోవడం, నిజానికి సగం విజయం. క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రే చూస్తూ క్యాథెటర్‌తో చికిత్స చేసే గదిలో, చాలాసార్లు జరిగేది అదే. గడ్డ మొత్తం లోపలికి రాదు, మూతికి గట్టిగా పట్టుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి, పీల్పు ఆపకుండా క్యాథెటర్‌ను గడ్డతో సహా బయటకు లాగేస్తారు. మీ అగర్ తెగిపోయింది కాబట్టి మీకు అది కనబడలేదు.

అసలు తగాదా ఆ అగర్‌తోనే. అగర్ పెళుసు, పుటుక్కున విరుగుతుంది. గడ్డ సాగుతుంది, గోడకు అంటుకుంటుంది, గంటలు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. అందులోనూ అన్నీ ఒకలా ఉండవు. ఎర్ర కణాలు ఎక్కువున్న ఎర్ర గడ్డ మెత్తగా ఉండి సులువుగా పీల్చుకు వస్తుంది. ఫైబ్రిన్, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న తెల్ల గడ్డ రబ్బరులా ఉండి ధమని గోడను వదలదు. ఎర్ర గడ్డ మీద ఏ పరికరమైనా నెగ్గుతుంది. ముందు మంచి గడ్డ తయారు చేయడం నేర్చుకోండి, గొట్టం తర్వాత. గడ్డ లేకుండా క్యాథెటర్ గీసేవాళ్లను చాలామందిని చూశాను. గీతలు బాగుంటాయి.

జవాబు – న్యూరో_క్యాథ్‌ల్యాబ్

నేను స్ట్రోక్ కేసులు చేసే డాక్టర్ని. మేస్త్రిగారు గోడ గురించి చెప్పింది అక్షరాలా నిజం. క్యాథెటర్ వాడేవైపు నుంచి కొన్ని మాటలు కలుపుతాను.

మీ చెక్క పలక మీద వంపులు మాత్రమే ఉన్నాయి. అసలు దారిలో కొమ్మలు కూడా ఉంటాయి. మెడ నుంచి కపాలంలోకి వెళ్లే కెరోటిడ్ ధమని మెలిక తిరిగే చోట కంటికి వెళ్లే చిన్న ధమని చీలుతుంది. లావు క్యాథెటర్ లోపల సన్నని మైక్రోక్యాథెటర్, దారి చూపే గైడ్‌వైరు తీగ మాత్రమే ఉంటే వాటి చుట్టూ ఖాళీ ఎక్కువగా ఉండి, క్యాథెటర్ అంచు సరిగ్గా ఆ చీలిక దగ్గర గట్టుకు తగులుకుంటుంది. ఎంత తోసినా కదలదు. ఇంకా తోస్తే వెనక భాగం బృహద్ధమనిలోకి జారిపోతుంది. ఇందుకే కొందరు మూతిని ఏటవాలుగా కోస్తున్నారు, కొందరు ఆ ఖాళీని నింపే కొస సన్నబడిన లోపలి గొట్టం ఇస్తున్నారు. మీ నమూనాలో ఆ చిన్న కొమ్మను తప్పకుండా పెట్టండి. దాన్ని దాటలేని క్యాథెటర్ మూతి ఎంత పెద్దదైనా నాకు ఉపయోగం లేదు.

గడ్డ తెగడం మీకు పరీక్షలో చిన్న సమస్య కావచ్చు. రోగికి అది కొత్త చోట అడ్డు. తెగిన ముక్క రక్త ప్రవాహంతో ముందుకు పోయి అంతవరకూ బాగున్న కొమ్మను మూసేయవచ్చు. మెడ దగ్గరే బెలూన్ ఉన్న గైడ్ క్యాథెటర్‌ను ఉబ్బించి, లాగేటంతసేపు ముందుకు పోయే ప్రవాహాన్ని ఆపడం ఇందుకే. మీ పలకలో ప్రవాహం లేకపోతే ఈ సమస్య ఎప్పటికీ కనబడదు. 37 డిగ్రీల నీటితో చిన్న పంపు నడపండి, చివర సన్నని వలతో ముక్కలు పట్టండి, వాటిని లెక్కపెట్టండి. నన్ను అడిగితే, గడ్డ వచ్చిందా లేదా అన్నదానికంటే మొదటి ప్రయత్నంలోనే మొత్తం వచ్చిందా అన్నది చూడండి. రెండోసారి, మూడోసారి లోపలికి వెళ్లిన కొద్దీ ధమని గోడ దెబ్బతినే అవకాశం పెరుగుతుంది, కాలం కూడా కరిగిపోతుంది.

మూతి గడ్డ మీద కాకుండా గోడ మీద పడితే పీల్పుకు ధమని ముడుచుకుపోతుంది. మీ సిలికాన్ గొట్టం గోడ మందంగా ఉంటే ఇదీ తెలియదు.

ఇంకొకటి. మన దేశంలో మెదడు ధమని లోపలే కొవ్వు పేరుకుని సన్నబడినచోట గడ్డ ఏర్పడే కేసులు పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువగా చూస్తాం. అలాంటి చోట గడ్డను శుభ్రంగా తీసినా కాసేపటికి మళ్లీ మూసుకుపోతుంది. అక్కడ తప్పు పరికరానిది కాదు. ఇప్పటి పరికరాలు చాలావరకు గుండె నుంచి కొట్టుకొచ్చిన గడ్డను మనసులో పెట్టుకుని చేసినవి. ఎంటెక్ విద్యార్థులకు ఆలోచించడానికి ఇక్కడ చోటుంది.

పరికరం మారితే ఎంత మారుతుందో చెప్పడానికి ఒక ముక్క. 2013లో వచ్చిన మూడు పెద్ద పరీక్షల్లో గడ్డ తీయడం వల్ల రోగులకు అదనపు మేలు కనబడలేదు. వాటిలో వాడినవి ఎక్కువగా పాత పరికరాలు, రోగుల ఎంపిక కూడా అంత పకడ్బందీగా లేదు. 2015లో ఫలితాలు అచ్చయిన నెదర్లాండ్స్ పరీక్షతో మొదలై అయిదు వరసగా మేలు చూపించాయి. వాటిలో ఎక్కువగా వాడింది స్టెంట్ రిట్రీవర్లే. ఆ అయిదింటిలోని 1287 మంది వివరాలు కలిపి చూస్తే, ప్రతి 2.6 మందికి చికిత్స చేస్తే ఒకరికి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గింది. వైద్యంలో ఇంత మంచి అంకె అరుదు.

విశాఖ_ఎంటెక్

ఇద్దరికీ కృతజ్ఞతలు. పంపు కొటేషను రద్దు చేసేశాం. మర పేటెంటు ఆశ పెట్టుకున్నవాడు ఇంకా అలిగే ఉన్నాడు.

రెండు సందేహాలు. గడ్డ తయారు చేయడానికి రక్తం ఎక్కడ తేవాలి, ఎలా చేయాలి? రెండోది, మెదడు మరీ కష్టమైతే కాలి సిరలకో ఊపిరితిత్తులకో మారిపోతే తేలికవుతుందా? అక్కడ గొట్టం లావుగా ఉండవచ్చు కదా?

జవాబు – గొట్టాల_మేస్త్రి

రక్తానికి గొర్రెల కబేళా చాలు. ఆదివారం మాత్రం వెళ్లకండి, వేపుడుకు కొనేవాళ్లతో పోటీ పడాల్సి వస్తుంది. వాళ్లకు అమ్మేది అప్పటికే గడ్డకట్టినది, మీకు పనికిరాదు. సీసాలో ముందే 3.2 శాతం సోడియం సిట్రేట్ పోసి తీసుకువెళ్లండి. ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతుల రక్తం. కారేటప్పుడే నేరుగా సీసాలోకి పట్టి మెల్లగా తిప్పాలి, కుదపకూడదు. చేతులకు గ్లోవులు, కళ్లకు అద్దాలు తప్పవు. మిగిలినదాన్ని కాలేజీ సింకులో పోయకండి, బయోమెడికల్ వ్యర్థాల వాళ్లకు ఇవ్వండి.

తెచ్చాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా ఒకవైపు, ఎర్ర కణాలు ఒకవైపు వేరు చేయండి. తర్వాత మీకు కావలసిన పాళ్లలో కలపండి. ఎర్ర కణాలు 80 శాతమైతే మెత్తని ఎర్ర గడ్డ, 40 మధ్యస్థం, 5 అయితే తెల్ల గడ్డ. కాల్షియం క్లోరైడ్, గడ్డ కట్టించే ఎంజైమ్ త్రాంబిన్ కాస్త వేస్తే కడుతుంది. తెల్ల గడ్డ బిగుసుకోవాలంటే ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు ఉండాలి. అందుకని సెంట్రిఫ్యూజ్‌ను మరీ వేగంగా తిప్పి వాటిని అడుగుకు పంపేయకండి. 37 డిగ్రీల్లో కొన్ని గంటలు వదిలేస్తే గడ్డ తనంతట తాను ముడుచుకుని గాజు గొట్టం గోడను వదిలి లోపలికి జరుగుతుంది, చుట్టూ లేతపసుపు నీరు చేరుతుంది. పట్టకారుతో లేపి లాగితే రబ్బరు బ్యాండులా సాగి మళ్లీ కుదురుకోవాలి. చప్పున తెగితే ఇంకా కాలేదన్నమాట. తాజా రక్తంతోనే చేయండి. ఫ్రిజ్‌లో పెట్టిన పాత రక్తంలో ప్లేట్‌లెట్లు పనిచేయవు.

ఆ గడ్డలతో మొదట క్యాథెటర్ జోలికి పోకుండా ఒక్క పరీక్ష చేయండి. వేర్వేరు వ్యాసాల పొట్టి గొట్టం ముక్కలు బలాన్ని కొలిచే లోడ్‌సెల్‌కు బిగించి, గడ్డను పీల్పుతో పట్టించి, విడిపోయేదాకా లాగి బలం రాసుకోండి. నేను చెప్పిన 18, 25, 38 మీ గడ్డల మీద ఎంతవరకు వస్తాయో తెలుస్తుంది. అంచు దగ్గర గాలో నీరో కారితే లెక్కకంటే తక్కువే వస్తుంది. మూతి అంచు నున్నగా ఉందా, కొస కాస్త వెడల్పయిందా, మెత్తగా ఉండి గడ్డ చుట్టూ సర్దుకుంటోందా అన్నవి అప్పుడు అంకెల్లో కనబడతాయి. ప్రాజెక్టు నివేదికకు అంత సరుకు చాలు.

సిరల విషయం. గొట్టం లావు చేయవచ్చు, నిజమే. ఊపిరితిత్తుల ధమనుల్లో గడ్డలకు 24 ఫ్రెంచి క్యాథెటర్లు వాడుతున్నారు. మూడు ఫ్రెంచిలు ఒక మిల్లీమీటరు కాబట్టి అది 8 మి.మీ. తొడ సిరలోంచి లోపలికి పోనిస్తారు. కష్టం తగ్గదు, రూపం మారుతుంది. అంత లావు గొట్టంతో పీలిస్తే గడ్డ దొరకని ప్రతిసారీ మంచి రక్తమే సిరంజిలోకి వచ్చేస్తుంది. అందుకే పీల్చిన రక్తాన్ని వడకట్టి తిరిగి ఎక్కించే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. పైగా ఆ గొట్టం గుండె కుడి గదులను దాటి మలుపు తిరగాలి. కాలి సిరల్లో వారాల తరబడి ఉన్న గడ్డయితే గోడకు అతుక్కుపోయి ఉంటుంది. పీల్చితే రాదు, గీకాలి. గీకితే కవాటాలు దెబ్బతినే భయం.

కాళ్ల ధమనులకు 1960ల మొదట్లో సిన్సినాటిలో థామస్ ఫోగార్టీ చేసిన పరికరం ఇప్పటికీ వాడుకలో ఉంది. మూత్రనాళానికి వాడే క్యాథెటర్ కొసకు సర్జికల్ గ్లోవు వేలు కొసను కత్తిరించి కట్టారాయన. ఆ ముడి చేపల ఎరలు కట్టేటప్పుడు నేర్చుకున్నది. గడ్డను దాటించి, బెలూన్ ఉబ్బించి, వెనక్కి లాగడమే. 1963లో వ్యాసం వచ్చింది. అలిగిన మీ స్నేహితుడికి ఆయన గురించి చెప్పండి. పేటెంటు ఆయనకూ వచ్చింది, మర లేకుండానే.

జవాబు – మెడ్‌టెక్_కాగితాలు

ఇక్కడ ఎవరూ కాగితాల గురించి అడగలేదు కానీ చెప్పి వెళతాను. కాలేజీ బల్ల మీద సిలికాన్ గొట్టంలో ఆడించుకున్నంతకాలం ఫర్వాలేదు. రేపు దీన్ని పరికరంగా మార్చాలనుకుంటే, 2017 వైద్య పరికరాల నియమాల కింద మెదడు రక్తనాళాల్లోకి వెళ్లే క్యాథెటర్ డి తరగతిలోకి వస్తుంది, అంటే అన్నిటికంటే కఠినమైనది. పరీక్షల కోసం తయారీకి ఎండీ-12 ఫారంలో దరఖాస్తు పెట్టి ఎండీ-13 లైసెన్సు తెచ్చుకోవాలి. మనుషుల మీద పరీక్షకు ఎండీ-22 దరఖాస్తు, నైతిక కమిటీ అనుమతి. మీరు విశాఖలోనే ఉన్నారు కాబట్టి మెడ్‌టెక్ జోన్‌లో ప్రయోగశాలలు ఏమేం పరీక్షలు చేస్తాయో ఒకసారి వెళ్లి కనుక్కోండి.

ఇప్పటినుంచే చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి గొట్టం ముక్కకూ ఒక నంబరు వేసి, ఏ పదార్థం, ఏ లాటు, ఎంత వేడిలో కరిగించారో ఒక పుస్తకంలో తేదీతో రాయండి. క్యాథెటర్లకు వర్తించే ఐఎస్‌ఓ 10555 ప్రకారం అతుకుల లాగుడు బలం, లీకేజీ పరీక్షలు చేయించే రోజు వస్తే, ఆ పుస్తకం లేకుండా చేసిన నమూనాలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.

విశాఖ_ఎంటెక్

పుస్తకం ఈ సాయంత్రమే మొదలుపెట్టాం. సిట్రేట్ మా బయోటెక్ విభాగంలో దొరికింది, సెంట్రిఫ్యూజ్ కూడా వాళ్లదే. కబేళాకు బుధవారం వెళుతున్నాం. కంటి ధమని కొమ్మకు 1.5 మి.మీ. సిలికాన్ గొట్టం అతికించబోతున్నాం. డాక్టరుగారూ, ఆ కొమ్మ అసలు ధమని నుంచి ఏ కోణంలో చీలేలా పెడితే నిజానికి దగ్గరగా ఉంటుందో చెప్పగలరా?

జవాబు – న్యూరో_క్యాథ్‌ల్యాబ్

మనిషి మనిషికీ మారుతుంది, కాబట్టి ఒక్క కోణంతో సరిపెట్టకండి. మెలిక బయటి వంపు వైపు చీలేలా పెట్టండి, ఎందుకంటే తోసినప్పుడు క్యాథెటర్ ఆ బయటి గోడనే ఆనుకుని పోతుంది. కొమ్మ 1.5 మి.మీ. కాస్త లావే, అయినా పరవాలేదు, మొదలు దగ్గర నోరు కొద్దిగా వెడల్పు చేస్తే గట్టు బాగా తగులుతుంది. అతికించిన జిగురు లోపలికి పొడుచుకు రాకుండా చూసుకోండి. లేకపోతే మీ క్యాథెటర్ జిగురుకు తగులుకుంటే ధమనికి తగులుకుందనుకుంటారు.